సొరబుర్రలో పెన్సిళ్లు

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఇంట్లో ఇప్పటికీ అంటారు, నేనూ కాదనను. ఆ కోపమే లేకపోతే ఆ రోజు పెన్సిళ్లను పెరట్లోకి విసిరికొట్టేదాన్ని కాదు. విసిరికొట్టకపోతే నాకు ఆ బల్ల దక్కేదీ కాదు. కాబట్టి నా కోపాన్ని ఎవరైనా తప్పుపడితే నవ్వి ఊరుకుంటాను.

బైలదిల్లా కొండల మీద ఇనుప ఖనిజం జోరుగా తవ్వుతున్న రోజులవి. అప్పటికి బస్తరు ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. నేను భోపాల్‌పట్నంలో పదకొండో తరగతి పాసై, కొండ కింద టౌన్‌షిప్‌లో ఉండే మా మేనత్త సోమమ్మ ఇంట్లో దిగాను. మామ పైన గనిలో డ్రిల్లు నడిపేవాడు. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటుకపొడి రంగుకు తిరిగేది. అన్నంలో దుమ్ము, జుట్టులో దుమ్ము, దేవుడి పటం మీద దుమ్ము. మా అత్త రోజుకు మూడుసార్లు ఇల్లు తుడిచి మూడుసార్లూ కంపెనీని తిట్టేది.

నన్ను బస్సు ఎక్కించేటప్పుడు మా నాయన ఉప్పలయ్య ఒక్కటే మాట చెప్పాడు. "నాట్లు పడేదాంక నీ ఇష్టం సమ్మక్కా. నౌకరి దొరికితే ఉండు. దొరకకుంటే వచ్చి పొలంల దిగు."

నాట్లు వేయడం నాకు చేతకాని పని కాదు. తునికాకు కట్టలు కట్టడంలో మా ఊళ్ళో నన్ను మించినవాళ్ళు ఇద్దరే. కానీ టౌన్‌షిప్‌కు వచ్చిన మూడో రోజున మామకు అన్నం డబ్బా ఇచ్చి వస్తూ, గని ఆఫీసు కిటికీలోంచి ఒక బల్ల చూశాను. ఏటవాలుగా ఉంది. దాని మీద బారెడు కాగితం పరిచి ఉంది. మేం రోజూ చూసే కొండను నిలువునా కోసి, లోపల ఏ పొర కింద ఏ పొర ఉందో రంగుల్లో చూపిస్తున్న బొమ్మ అది. కిటికీ ఊచలు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చౌకీదారు వచ్చి కసిరితే కదిలాను. ఆ బల్ల ముందు నేను కూర్చోవాలి. ఆ రోజు నుంచి నాకు ఇంకో కోరిక లేదు.

ఆ గదికి పెద్ద రాజేశ్వరరావుగారు. విజయనగరం వైపు నుంచి వచ్చినవారు. సన్నగా, ఎత్తుగా ఉండేవారు, మాట మాత్రం పొదుపు. కొండ బొమ్మలకు రంగులు వేయడానికి ఒక మనిషి కావాలని ఆఫీసు గోడకు కాగితం అంటించారు. ఆషాఢం మొదట్లో ఆ పరీక్షకు ఇద్దరం వెళ్ళాం. నేను, సీతారాములు అనే కుర్రాడు. అతని నాన్న టౌన్‌షిప్ బడిలో మాస్టారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేను నాకున్న రెండు చీరల్లో దుమ్ము తక్కువ కనిపించేది కట్టుకున్నాను.

రాజేశ్వరరావుగారు రెండు కాగితాలు పరిచారు. ఒకటి పాతది, పదకొండేళ్ళ కిందటిది, రంగులు వేసి ఉంది. రెండోది కొత్తది, గీతలే ఉన్నాయి. పాత కాగితం అంచున ఆగిన పొరలు కొత్త కాగితంలో కొనసాగుతున్నాయి.

"ఈ కొత్తదానికి మీరు రంగు వెయ్యాలి. రెండూ పక్కపక్కన పెడితే కొండ ఒక్కటే కొండలా కనబడాలి, అతుకు కనబడకూడదు" అన్నారు. "పెన్సిళ్లు మీరే తెచ్చుకోండి. ఏవి తెచ్చుకోవాలో నేను చెప్పను, అదీ పరీక్షే. ఇప్పుడు పావుగంట చూసుకోండి. కాగితం మీద రాసుకోవడాలూ గీసుకోవడాలూ వద్దు. వచ్చే సోమవారం రండి."

సీతారాములు రెండు నిమిషాలు చూశాడు. "గోధుమ, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. అంతేగా సార్" అని వెళ్ళిపోయాడు.

అంతే అయితే పావుగంట ఎందుకిస్తారు? నేను కాగితం మీదికి వంగాను. గట్టి ఖనిజం ఉన్న పొర గోధుమ రంగే, కానీ దాని లోపల ఎక్కడో నలుపు ఉంది. ఎరుపు పొర ఎండ తిని వెలిసిన ఎరుపు. ఆకుపచ్చలో పచ్చదనం చచ్చి బూడిద చేరింది. అడుగున ఉన్న నాసిరాయి పొర లేత పసుపు, అందులో పెన్సిలు గీతలే కనబడటం లేదు, పల్చగా పొడి చల్లినట్టుంది. పదకొండేళ్ళు కాగితాన్ని చుట్టీ విప్పీ రంగులు ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి. పావుగంట అయ్యాక రాజేశ్వరరావుగారు కాగితాన్ని నా ముక్కు కింద నుంచి లాక్కోవలసి వచ్చింది.

ఇక పరుగు. దారిలో ఎవరు పలకరించినా పలకలేదు, పలికితే రంగులు కళ్ళలోంచి జారిపోతాయని భయం. నేరుగా అత్త వంటింట్లోకి దూరి డబ్బాలన్నీ దించాను.

"ఏందే పిల్లా, పిల్లి దూరినట్టు దూరినవ్?" అని అత్త అరుస్తూనే ఉంది.

కొత్త చింతపండు పక్కన పడేశాను. నిరుటి పాత చింతపండు తీసి కిటికీ వెలుగులో పెట్టాను. అదే, ఆ గోధుమే, లోపల నలుపుతో సహా. కిందటేటి మిరపకాయ, వెలిసిపోయినది, ఎరుపుకు సరిపోయింది. బీడీలు చుట్టగా మిగిలిన ఎండు తునికాకు ముక్క ఆకుపచ్చకు. పసుపు కొమ్మును విరిచి చూశాను, లోపల మరీ పసుపు. పై తోలు సరిగ్గా ఆ నాసిరాయి రంగు. మా ఊళ్ళో నూలుకు రంగు అద్దించాలంటే ఆడవాళ్ళు ఇలాగే చేసేవారు, రంగు పేరు చెప్పేవారు కాదు, కొంగులో వస్తువు ముడివేసుకుని వెళ్ళి చూపించేవారు. నేనూ నాలుగింటినీ చీర కొంగున ముడివేశాను.

గురువారం దంతెవాడ వెళ్ళాను. బస్టాండు దగ్గర సీతయ్య దుకాణంలో బడి సామాన్లు దొరుకుతాయి. సీతయ్యది సుక్మా దగ్గరి పల్లె, తెలుగే మాట్లాడతాడు. రంగు పెన్సిళ్లు అనగానే నెమలి బొమ్మ ఉన్న రేకు డబ్బా నా ముందు పెట్టాడు.

"ఇరవై నాలుగు రంగులు. మొన్ననే మీ టౌన్‌షిప్ పిలగాడొకడు ఇదే కొన్కపోయిండు."

మూత తీశాను. కళ్ళు జిగేల్మన్నాయి. ఒక్కటీ నా కొంగులోని రంగు కాదు. చింతపండు తీసి పక్కన పెడితే డబ్బాలోని గోధుమ రంగు మేకప్ వేసుకున్నట్టు కనిపించింది.

"అమ్ముడుపోనివి ఉన్నయా?" అన్నాను.

సీతయ్య నా మొహం వైపు అనుమానంగా చూశాడు. "అమ్ముడుపోనివి ఎందుకే తల్లీ?"

"ఉన్నయా లేవా?"

అటక మీది నుంచి దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టె దించాడు. జగదల్‌పూర్ నుంచి ఎప్పుడో వచ్చిన విడి పెన్సిళ్లు. మసక రంగులని పిల్లలెవరూ ముట్టలేదట. నాకు పండగైపోయింది. కొంగు ముడి విప్పి చింతపండు, మిరపకాయ, తునికాకు, పసుపు కొమ్ము గాజుబల్ల మీద వరసగా పెట్టాను. సీతయ్య దుకాణానికి వచ్చిన ఇద్దరు ఆగి చూడసాగారు.

మా అవ్వ విత్తనాలు ఏరేటప్పుడు పక్కన కూర్చుని పెరిగినదాన్ని. కన్నతల్లిని మేం అవ్వ అంటాం. అవ్వ చేతిలోకి వచ్చిన గింజను ఊరికే చూసి వదలదు, దొర్లిస్తుంది, గోటితో నొక్కుతుంది, కొరుకుతుంది. నేనూ పెన్సిళ్లను గాజుబల్ల మీద దొర్లించాను. వంకరవి ఎగిరెగిరి దొర్లాయి, వాటిని తోసేశాను. తర్వాత మొదళ్ళు చూశాను. ములుకు, అంటే లోపలి రంగు కడ్డీ, కట్టెకు నడిమధ్య ఉండాలి, పక్కకు జరిగి ఉంటే చెక్కినప్పుడల్లా ఒకవైపు కట్టె పల్చనై విరుగుతుంది. గోటితో నొక్కి చూశాను, మరీ మెత్తనివి గోటికి అంటుకున్నాయి. గట్టివి కాగితాన్ని గీకాయే తప్ప రంగు దిగలేదు. నాకు రెండింటి నడుమవి కావాలి, ఒక రంగు మీద ఇంకో రంగు వేస్తే జారిపోకుండా పట్టాలి.

"కొరికి గూడ జూస్తవా?" అన్నాడు సీతయ్య.

"జూస్త" అని ఒకటి కొరికాను. కట్టె మెత్తగా, తీయగా ఉంది. బ్లేడుకు సాఫీగా తెగుతుందన్నమాట. సీతయ్య తల పట్టుకున్నాడు.

చివరికి ఆరు పెన్సిళ్లు తేలాయి. గోధుమ, నలుపు, ఎరుపు, బూడిద, ముదురాకుపచ్చ, లేత పసుపు. గోధుమ మీద నలుపు లేతగా వేస్తే చింతపండు వచ్చింది. ఎరుపు మీద బూడిద వేస్తే వెలిసిన మిరపకాయ. ముదురాకుపచ్చ మీదా బూడిదే. పసుపు కొమ్ము తోలుకు మాత్రం లేత పసుపు ఒక్కటే చాలు, అచ్చం అదే రంగు. చెక్కుకునే మర ఇస్తానంటే వద్దన్నాను, అది ములుకును మెలిపెడుతుంది, గడ్డం గీసుకునే బ్లేడు ఇవ్వమన్నాను. రంగు చూసుకోవడానికి నాలుగు మందపాటి కాగితాలు కూడా కొన్నాను. వేలితో మీటితే ఫెళఫెళలాడేవి ఏరుకున్నాను, వానాకాలం కాగితం నీళ్ళు తాగితే ఆ చప్పుడు పోతుంది.

దుకాణం దిగి నడుస్తుంటే దంతెవాడ నాదే అనిపించింది.

ఆ గర్వంతోనే బుద్ధి తక్కువ పని చేశాను. తిరిగొచ్చే సర్వీసు జీపులో కాళ్ళ దగ్గర బస్తాలున్నాయి, ఒళ్ళో ఎవరి పిల్లో కూర్చుంది. పెన్సిళ్ల సంచి నలుగుతుందని పైన ఇనుప కడ్డీకి తగిలించాను. ఊగుతూ సుఖంగా వస్తుందనుకున్నాను. ఆ దారిలో గుంత లేని చోటు లేదు. జీపు గుంతలో పడ్డప్పుడల్లా సంచి వెళ్ళి కడ్డీకి ఠంగుమని కొట్టుకుంది. వాన జల్లు కూడా పడింది. నేను సోమవారం గురించి కలలు కంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి మా అవ్వ భద్రమ్మ దిగి ఉంది. నాట్లకు నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. వస్తూ అత్తకని చింతపండు, సొరవిత్తనాలు తెచ్చింది. అత్తది కంపెనీ క్వార్టరు, కిరసనాయిలు స్టవ్వు ఉంది. దాన్ని చూసి అవ్వ మూతి తిప్పి, పెరట్లో రేకు కింద మూడు రాళ్ళు పెట్టి కట్టెల పొయ్యి వేసేసింది. పొయ్యికి పైన తాడు కట్టి, విత్తనాలున్న సొరబుర్ర వేలాడదీసింది. ఎండిన సొరకాయ డొల్ల అది. మా వైపు వానాకాలం విత్తనాలు పొయ్యి సెగకు అలా వేలాడాల్సిందే.

"సోమారం దాంక ఆగుత" అంది అవ్వ. "మంగళారం పొద్దుగాల బస్సు."

శుక్రవారం పొద్దున పెన్సిళ్లు చెక్కడానికి కూర్చున్నాను. గోధుమది చెక్కాను, ములుకు వేలెడు ముక్క ఊడి ఒళ్ళో పడింది. ఇంకాస్త చెక్కాను, ఇంకో ముక్క. ఎరుపు తీశాను, అదీ అంతే. ఆకుపచ్చా అంతే. పైన కట్టె నున్నగా, నవనవలాడుతూ ఉంది, లోపల ములుకు పొడవునా ముక్కలు ముక్కలు. ఠంగు ఠంగుమన్న ఆ చప్పుడు అప్పుడు గుర్తొచ్చింది. అటక మీద మిగిలినవన్నీ నేనే తోసేసిన వంకరవి. మళ్ళీ దంతెవాడ పోయినా లాభం లేదు.

ఒళ్ళు మండిపోయింది. జీపు మీద, గుంతల మీద, అన్నిటికన్నా నా మీద. ఆరింటినీ గుప్పిట పట్టి పెరట్లోకి విసిరికొట్టాను.

"ఏందే, గట్ల ఇసిరికొట్టినవ్?" అంది పొయ్యి ముందు కూర్చున్న అవ్వ.

"అన్ని ఇరిగినయ్! ఇగ నౌకరి లేదు, ఏం లేదు. రేపే పోదాం పా, నాట్లేద్దాం."

లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాను. ఆ కిటికీ, ఆ బల్ల కళ్ళ ముందే ఉన్నాయి. శనివారం నా పెట్టె సర్దుకున్నాను. అవ్వ పొయ్యి ముందు నుంచి లేవనైనా లేవలేదు. అది నాకింకా కోపం తెప్పించింది.

ఆదివారం పొద్దున అవ్వ నా ముందు సొరబుర్ర పెట్టింది. "నీ పుల్లలు ఈ బుర్రల ఉన్నయ్. చెక్కి జూడు."

"పొయ్యి మీద పెట్టినవా?" లేచి నిలబడ్డాను. "కట్టె పుల్లలను తీస్కపోయి మంట మీద పెట్టినవా అవ్వా?"

"అరవకు. మంట మీద గాదు, బుర్రల పెట్టిన. రెండు రోజులు సెగ తగిలింది, రాత్రి దించి చల్లారబెట్టిన. జీపుల వాన జల్లు కొట్టిందంటివి గదా. తడి పడితే ఇత్తులైనా మెత్తబడి ఇరుగుతయ్. సెగ తగిలితె గట్టిపడుతయ్. నీ పుల్లల లోపటిది గూడ అంతే."

విరిగింది తడికి కాదు, గుంతలకు అని చెప్పబోయాను. చెప్పి ఏం లాభమని బ్లేడు తీసి గోధుమ పెన్సిలు చెక్కాను, ఆమె నోరు మూయించాలనే. ములుకు ఊడలేదు. ఇంకా చెక్కాను. సూదిలా నిలబడింది. కాగితం మీద నొక్కి గీశాను, విరగలేదు. ఎరుపు చెక్కాను, నలుపు, బూడిద, ఆకుపచ్చ. ఐదూ నిలబడ్డాయి. అవ్వను గట్టిగా వాటేసుకుంటే "ఊపిరాడ్తలేదు ఇడువు" అని కసిరింది.

ఆరోది లేత పసుపు. అది బుర్రలో మంట వైపుకు పడి ఉందేమో, చెక్కితే లోపల గొట్టంలా డొల్ల. ములుకంతా కరిగి కారిపోయింది. బుర్ర తలకిందులు చేసి దులిపితే సొరవిత్తనాలు రాలాయి, వాటితోపాటు రేగుపండంత పసుపు ముద్ద ఒకటి రాలింది. దాన్ని కాగితం మీద రుద్ది చూశాను, వెన్న పూసినట్టు చారలు పడ్డాయి. పనికిరాదు. అయినా ఎందుకో పారెయ్యలేదు, ముద్దను కూడా బుర్రలో వేసుకున్నాను.

సోమవారం ఆఫీసులో సీతారాములు నెమలి డబ్బా తెరిచాడు. నేను సొరబుర్ర బల్ల మీద పెట్టాను. మా బస్తరులో సొరబుర్రలో కల్లు కూడా తెచ్చుకుంటారు. అతను పగలబడి నవ్వాడు. "పరీక్షకు కల్లు తెచ్చుకుందేంటి సార్!"

రాజేశ్వరరావుగారు నవ్వలేదు. ముక్కు ఎగబీల్చారు. "పొగ వాసనేవిటమ్మాయ్?"

"పెన్సిళ్లది సార్."

ఆయన కనుబొమలు లేచాయి. పాత కాగితాన్ని తన బల్ల మీదే ఉంచుకున్నారు. మాకు కొత్తదాని నకళ్ళు చెరొకటి ఇచ్చి, రెండు గంటలు గడువు పెట్టారు. కొంగు ముడి విప్పి నా నాలుగు వస్తువులు పక్కన పెట్టుకున్నాను. చేతి కింద పడి రంగు చెదరకుండా ఒక కాగితం పరచుకుని మొదలుపెట్టాను. గోధుమ లేతగా వేసి, పైన నలుపును పెన్సిలు బరువుతోనే నడిపించాను. చింతపండు దిగింది. ఎరుపు వేసి బూడిద, ఆకుపచ్చ వేసి బూడిద. సెగ తిన్న ములుకులు కాగితాన్ని హాయిగా పట్టుకున్నాయి, ఒక్కటీ విరగలేదు. పక్కన మాత్రం రెండుసార్లు టప్పుమన్న చప్పుడు వినిపించింది. సీతారాములుకు అప్పుడు నవ్వు రాలేదు.

ఇక నాసిరాయి పొర మిగిలింది. ఉన్నది ముద్ద ఒక్కటే. నా వెంట తెచ్చుకున్న కాగితం మీద మళ్ళీ రుద్దాను, మళ్ళీ చారలే. గడియారంలో ఇంకా పావుగంటే ఉంది. చారలను తుడిచేద్దామని చేతికందిన చీర కొంగుతో ఆ కాగితాన్ని రుద్దాను. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు కొంగు అది. చారలు పోయాయి, రంగు పోలేదు. కాగితం మీద ఒక్క గీతయినా లేకుండా పొడి చల్లినట్టు పల్చటి పసుపు మిగిలింది.

పాత కాగితంలో ఉన్నది సరిగ్గా అదే. నేను తెచ్చుకున్న పెన్సిలు బాగుండి ఉంటే గీతలు గీతలుగా వేసి చెడగొట్టుకునేదాన్ని! ముద్దను కొంగు చివరకు రుద్దాను, కొంగును వేలికి చుట్టి కాగితం మీద గుండ్రంగా తిప్పాను. నాలుగు వేళ్ళ వెడల్పు పొర కళ్ళ ముందే నిండింది. పసుపు కొమ్మును పక్కన పెట్టి చూసుకుని, ఇక ముట్టుకోలేదు.

రాజేశ్వరరావుగారు పాత కాగితాన్ని కిటికీ దగ్గరి ఏటవాలు బల్ల మీద పరిచారు. ముందు సీతారాములు కాగితాన్ని దాని అంచుకు చేర్చారు. కొండ సగం దాకా కొండ, అక్కడి నుంచి పెళ్ళి పందిరి. అతను తనే తల గోక్కున్నాడు. "నాది మరీ కొత్తగా ఉంది సార్."

తర్వాత నాది పెట్టారు. అంచుకు అంచు చేర్చారు. వంగారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని వంగారు. ఆయన వేలు పాత కాగితం మీద చింతపండు రంగు పొర వెంట నడిచి, అతుకు దాటి, నా కాగితంలోకి వచ్చేసి, ఇంకా ముందుకు పోయింది. దాటినట్టు ఆయనకే తెలియలేదు. వెనక్కి వచ్చి అంచు కోసం గోటితో తడిమారు.

"ఎక్కడుంది?" అన్నారు మెల్లగా, నన్ను కాదు, తనలో తనే.

అతుకు కనబడలేదు. కొండ ఒక్కటే కొండ. సీతారాములు కూడా పక్కకు వంగి చూసి "అబ్బో" అన్నాడు, మనస్ఫూర్తిగానే.

"ఈ పెన్సిళ్ల సంగతి చెప్పమ్మాయ్" అన్నారు రాజేశ్వరరావుగారు. చెప్పాను. జీపు కడ్డీ, విరిగిన ములుకులు, నేను విసిరికొట్టడం, అవ్వ పొయ్యి, బుర్ర, అన్నీ దాచకుండా చెప్పాను. ఆయన సగంలోనే కుర్చీలో కూలబడ్డారు.

"మైనం! ములుకులో మైనం ఉంటుంది. సెగకు కాస్త మెత్తబడి ముక్కలు అతుక్కున్నాయి" అన్నారు. "పదకొండేళ్ళు... ఒక్కసారైనా తట్టలేదు నాకు."

బల్ల సొరుగు తాళం తీసి, గుడ్డలో చుట్టిన పొడవాటి చెక్కపెట్టె తీశారు. అందులో పన్నెండు పెన్సిళ్లు, ఒక్కోటి దొర పిల్లలా ఉంది. పాత కాగితానికి రంగులు వేసింది ఆయనే, వీటితోనే. ఆ తర్వాత పెట్టె ఒకసారి గని జీపులో కొండెక్కి దిగిందట. అప్పటి నుంచి ఏది చెక్కినా ముక్కలే. పారెయ్యడానికి మనసొప్పక దాచుకున్నారు, ఆ రంగులు మళ్ళీ ఎవరి చేతా కుదరక ఏడాదికొకరిని మారుస్తూ వచ్చారు.

ఆయన ఆ పెట్టెను రెండు చేతులతో నా ముందుకు జరిపారు. "మీ అమ్మగారిని అడుగుతావా? వీటిని కూడా ఆవిడ పొయ్యి మీద..." తర్వాత కిటికీ దగ్గరి బల్ల వైపు చెయ్యి చూపారు. "ఆ బల్ల నీది. రేపు పొద్దున తొమ్మిదింటికి."

ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. అవ్వ పన్నెండు పెన్సిళ్లనూ ఒక్కొక్కటే దొర్లించి చూసి, బుర్రలో నిలువుగా పెట్టి, ఈసారి తాడును రెండు మూరలు పైకి కట్టింది. "మొన్నటిది కిందికైంది. అందుకే పసుపుది కరిగింది" అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు కాకుండా, నాకు పని నేర్పుతున్నట్టు. పెన్సిళ్ల కోసం మంగళవారం బస్సు మానుకుంది.

గురువారం ఆమె తనే ఆఫీసుకు వచ్చింది, చంకలో సొరబుర్రతో. రాజేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు. మొదటి పెన్సిలు చెక్కారు. ములుకు నిలబడింది. రెండోది, మూడోది చెక్కారు. పన్నెండూ నిలబడ్డాయి. ఆయన మా అవ్వకు రెండు చేతులూ జోడించారు.

"గంతదానికి దండమెందుకు సారూ" అంది అవ్వ. "పొయ్యి మీ ఇంట్ల గూడ ఉంటది గదా."

ఆయన తన పెన్సిళ్ల పెట్టెను నా బల్ల మీద, నా కుడిచేతి వైపు పెట్టారు. అవ్వ ఆ బల్లను చేత్తో తడిమింది, కాగితం మీది కొండను చూసింది, నన్ను చూసింది. కొంగుతో నా మొహం మీది ఎర్రదుమ్ము తుడిచి, బుర్ర నాకే వదిలి, ఒక్కతే బస్సెక్కింది.

కిటికీ బయట వాన దంచికొడుతోంది. లోపల కొత్త కాగితం పరిచి, చింతపండు రంగుతో మొదలుపెట్టాను. ఆ ఏడు మా పొలంలో నాట్లు నేను లేకుండానే పడ్డాయి.